మొదట చదవాల్సింది ఆండీ గ్రోవ్ పుస్తకం
స్టార్టప్ పెట్టేవాళ్లు ముందు ఎరిక్ రీస్ పుస్తకం ‘ది లీన్ స్టార్టప్’ ఒక్కటి చదివితే చాలని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. కస్టమర్‌కి ఏం కావాలో తెలుసుకునేదాకా అది బాగా పనికొస్తుంది, కానీ పదిమందిని పనిలో పెట్టుకున్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది, అప్పుడు కావాల్సింది కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో రాసిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’. అందులో గ్రోవ్ ఒక పోలిక చెప్తాడు: ఉడికించిన గుడ్డు, టోస్ట్, కాఫీ మూడూ ఒకేసారి వేడివేడిగా టేబుల్ మీదికి రావాలంటే ఎక్కువసేపు పట్టే గుడ్డు దగ్గర లెక్క మొదలుపెట్టి మిగతావి దానికి తగ్గట్టు సర్దుకోవాలంటాడు. మా కంపెనీ చేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గుడ్డు లాంటిది టెస్టింగే, కోడ్ రాసేవాళ్లు ఎంతమంది ఉన్నా పని అంతా టెస్టింగ్ చేసే ఒక్క అమ్మాయి దగ్గరే ఆగేది, ఆమెకి పట్టే టైమ్ చూసుకుని రిలీజ్ తేదీలు పెట్టడం మొదలుపెట్టాకే కస్టమర్లకి ఇచ్చిన మాట నిలబడింది. ఇంకోటి, మేనేజర్ ఒక్కొక్కరితో విడిగా కూర్చునే మీటింగ్‌లో ఏం మాట్లాడాలో కింద పనిచేసేవాళ్లే తేల్చాలంటాడు, ఇది మన ఆఫీసుల్లో చాలా అరుదు, కానీ చేసి చూడండి, మానేద్దామనుకుంటున్న మనిషి ఆ మాట రాజీనామాకి ముందే చెప్తాడు. కొత్తగా కంపెనీ పెట్టే ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఈ పుస్తకమే.