తుక్కు వేలంలో భద్రత ఎవరి బాధ్యత?

గుంటూరు చుట్టుపక్కల మూతపడిన స్పిన్నింగ్ మిల్లుల్లోనూ, యంత్రాలు మార్చుకుంటున్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోనూ, కొండపల్లి పారిశ్రామికవాడలోని పాత షెడ్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెళ్లు, కెపాసిటర్ బ్యాంకులు తొలగించాల్సి వస్తే, చాలాచోట్ల వాటిని ‘ఉన్నచోటే, ఉన్నది ఉన్నట్టుగా’ లాటు కట్టి వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు కూలీలను, గ్యాస్ కట్టర్‌ను తెచ్చుకుని విప్పుకుపోతాడు. రాగికీ ఇనుముకీ ధర కట్టడం అతనికి తెలిసిన పని. విద్యుత్ భద్రతకు పెట్టే ప్రతి రూపాయీ అతని లాభంలో కోతే. అంటే ప్రమాదానికి దారి వేలం షరతుల్లోనే పడుతోంది.

‘కరెంటు తీసేశాం’ అన్న మాటను నమ్మి పనిలోకి దిగడం అన్నిటికంటే పెద్ద ముప్పు. స్తంభంపై లైన్‌ను విడదీసే ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ హ్యాండిల్ కిందికి దించినా, తుప్పు పట్టిన మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా అతుక్కునే ఉండవచ్చు. కింద నిలబడినవారికి అది కనిపించకపోవచ్చు. సరఫరా నిజంగా ఆగినా, పక్క షెడ్డులోని జనరేటర్ పొరపాటున ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు కలిస్తే, అదే ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టులను 11,000 వోల్టులుగా మార్చి, ఆగిపోయిందనుకున్న లైన్‌లోకి ఎక్కిస్తుంది. అందుకే డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) నుంచి ఎల్‌సీ, అంటే లైన్ ఆపి పని చేసుకునే అనుమతి (లైన్ క్లియర్) తీసుకుని, స్విచ్‌కు తాళం వేసి, పనిచేసే చోటే టెస్టర్‌తో పరీక్షించి, రెండు వైపులా తీగలన్నిటినీ ఒకదానికొకటి కలిపి (షార్ట్ చేసి), భూమికి కలిపిన (ఎర్త్ చేసిన) తర్వాతే స్పానర్ పట్టాలి. కెపాసిటర్లను విడిగా డిశ్చార్జ్ చేయాలి. చార్జ్‌ను ఖాళీ చేసే లోపలి రెసిస్టర్ పాడై ఉంటే లైన్ తీసేశాక కూడా వాటిలో చార్జ్ నిలిచే ఉంటుంది. బ్రేకర్ స్ప్రింగ్ బిగువు సడలించకుండా చేయి పెడితే వేళ్లు నలిగిపోతాయి.

నూనె విషయంలో నిర్లక్ష్యం మరీ ఎక్కువ. నూనె దించేసిన ట్యాంకు ఖాళీ అయినట్టు కాదు. గోడలకూ వైండింగ్‌కూ పట్టిన నూనె గ్యాస్ కట్టర్ వేడికి ఆవిరై, గాలితో కలిసి ఒక్కసారిగా అంటుకుంటుంది. దించిన నూనెను 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష రసాయనాలు) ఉండే అవకాశం ఉంది కాబట్టి, దించకముందే నమూనా పరీక్షించాలి. ఆ రసాయనాల వాడకం పూర్తిగా ఆపడానికి కేంద్రం 2016లోనే ఉత్తర్వు ఇచ్చి 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. అలాంటి నూనెను ఇటుక బట్టీలో ఇంధనంగా తగలబెడితే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి, ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల ఊళ్లే.

కనుక పనిని రెండుగా విడగొట్టాలి. సరఫరా తెంచడం, ఎర్త్ చేయడం, నూనె దించి పంపడం యజమాని ఖర్చుతో, లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేతిమీదుగా జరగాలి. తుక్కు వేలం ఆ తర్వాతే. అప్పు కింద జప్తయిన మిల్లుకు యజమాని చేతిలో డబ్బు లేదంటారు, నిజమే. అప్పుడు అమ్ముతున్న బ్యాంకే ఆ ఖర్చు ముందు భరించి వేలం సొమ్ములోంచి మినహాయించుకోవచ్చు. మే నెలలో రేకుల షెడ్డు కింద రబ్బరు గ్లౌజులతో మధ్యాహ్నం పని చేయమంటే ఎవరైనా వాటిని విప్పేస్తారు, కాబట్టి ఆ పని తెల్లవారుజామున పెట్టుకోవాలని ఒప్పందంలోనే రాయాలి. పరికరాల్లో విద్యుత్ లేదని, నూనె తీసేశామని కాంట్రాక్టర్ సంతకం చేసిన కాగితం అందేవరకు గ్యాస్ సిలిండర్‌ను గేటు దాటనివ్వకూడదు.