అద్దె ఇంటి కరెంటు మీటరు గారికి ఒక అర్హుడి విన్నపం

మెట్ల కింద, చెప్పుల స్టాండుకు పైన, సాలెగూడు ముసుగు వేసుకుని కొలువుదీరిన మీటరు గారికి,

నమస్కారం. కింద పోర్షన్‌లోకి కొత్తగా దిగినవాడిని. సామాను సర్దుకోకముందే ఈ ఉత్తరం ఎందుకంటే, ఓనరు గారికి కోపం వస్తే అద్దె పెరుగుతుంది, అంతే. మీకు కోపం వస్తే నా దివ్యాంగుల పింఛనే పోతుంది. ఎవరిని ముందు మంచి చేసుకోవాలో ఆ మాత్రం లోకజ్ఞానం నాకుంది.

నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్, చంకలో కర్ర, వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం. 2024 జులై నుంచి మావంటి వారికి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. వార్డు సచివాలయం సిబ్బంది ఇంటికే వచ్చి, వేలిముద్ర తీసుకుని, డబ్బు చేతిలో పెట్టి వెళతారు. ఇందులో వెటకారమేమీ లేదు. చంకకర్రతో బ్యాంకు మెట్లెక్కిన వాడిని అడగండి, ఆ పద్ధతి విలువ చెబుతాడు. తిప్పలన్నీ ఆ ఇల్లు మారినప్పుడే.

ఉన్నచోట ఉండక ఎందుకు మారావని మీరు అడగవచ్చు. పాత ఓనరు ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానన్నాడు. కట్టలేదు, రంగులేసి ఎక్కువ అద్దెకు ఇంకొకరికి ఇచ్చాడు. విజయవాడలో అద్దె తగ్గాలంటే కొండెక్కాలి. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద ఇళ్లు చవకే. కానీ అక్కడ వీధంటే మెట్లే. గ్యాస్ బండ భుజం మీద ఎక్కుతుంది, నేనెవరి భుజం మీద ఎక్కాలి? 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది గానీ, అందులో అద్దె ఇంటి మెట్లు లేవు. చివరికి కింద పోర్షన్, ఎత్తులేని గడప, కమోడ్ ఉన్న మరుగుదొడ్డి, మా తాహతుకు కాస్త అటూ ఇటూగా అద్దె, అన్నీ కుదిరాయి. కుదరనిది మీరొక్కరే. పైన ఓనరు గారికీ, కింద మాకూ కలిపి ఒకే ఒక్క మీటరుగా వెలిగిపోతున్నారు.

పింఛన్ల మీద 2019 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు మీకు చిత్రగుప్తుడి పదవి ఇచ్చింది. పింఛనుకు అర్హత కావాలంటే పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు ఉండాలి. మాది ఉంది. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. మాకున్నది మూడు చక్రాలది, అదీ చేత్తో తిప్పేది. పొలం లేదు, ఆదాయపు పన్ను కట్టే యోగం లేదు. ఇన్ని పరీక్షల్లో డిస్టింక్షన్‌లో పాసైన పేదవాడిని మీ ముందుకు వచ్చేసరికి తప్పుతున్నాను. సొంత ఇల్లయినా అద్దె ఇల్లయినా ఆరు నెలల సగటు వాడకం 300 యూనిట్ల లోపే ఉండాలట.

లెక్క మీకు చెప్పేంతవాడిని కాను, అయినా వినండి. మా 75 వాట్ల ఫ్యాను నెలంతా రాత్రింబవళ్లు ఆపకుండా తిరిగినా 54 యూనిట్లే. దానికి మా ఆవిడ కుట్టు మిషను, చిన్న ఫ్రిజ్, రెండు దీపాలు కలపండి. మీ పక్కనే బిక్కుబిక్కుమంటూ వేలాడుతున్న సబ్ మీటరును అడగండి, మేమెంత వాడుతున్నామో దానికి తెలుసు. పాపం, దాని మాట ఓనరు వింటాడు, ప్రభుత్వం వినదు. పైన ఓనరు గారి అమ్మాయి అమెరికా నుంచి పురిటికి వచ్చింది. రెండు ఏసీలు, గీజరు. తల్లీబిడ్డా చల్లగా ఉండాలి, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ చల్లదనం నా ఆధార్ నంబరు మీద కురవకుండా ఉంటే చాలు.

మీ అన్నగారి సంగతీ చెప్పాలి, అదే, మా పాత ఇంటి మీటరు. చిరునామా మార్పించుకుందామని సచివాలయానికి వెళితే, కంప్యూటర్ ముందున్న అమ్మాయి తెర నా వైపు తిప్పి చూపించింది.

"మీ పేరు మీద రెండు మీటర్లు ఉన్నాయండీ."

"నా పేరు మీద రెండు ఇటుకలు కూడా లేవమ్మా."

"సిస్టమ్‌లో ఉన్నాయండీ."

ఆ అమ్మాయిని అని లాభం లేదు, తను చదువుతున్నది తెర మీద ఉన్నదే. ఎప్పుడో సర్వేలో నా ఆధార్‌ను ఆ పాత ఇంటి కరెంటు సర్వీసు నంబరుకు తగిలించారు. ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేశాను, మీటరు మాత్రం నాతోనే కాపురానికి వచ్చింది. అక్కడ దిగిన కొత్తవాళ్లు ఎంత వాడితే అంత నా ఖాతాలో పడుతోంది. తీయించుకోవాలంటే కరెంటు ఆఫీసుకు వెళ్లాలి. అది మొదటి అంతస్తులో ఉంది. అక్కడివారు ఓనరు సంతకం తెమ్మన్నారు. రంగుల ఖర్చని అడ్వాన్సులో కోత పెట్టి, ఆనక ఫోనెత్తడం మానేసిన ఓనరు సంతకమది.

ఈలోగా ఇంకో గడియారం నడుస్తోంది. ఇల్లు మారినవాడి పింఛను కొత్త సచివాలయానికి బదిలీ కావాలి. అయ్యేదాకా ఒకటో తారీఖున పాత పేటకు వెళ్లి నిలబడాలి. ఒక నెల తీసుకోకపోతే పరవాలేదు, తర్వాత కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్క, పింఛను ఆగుతుంది. నేను వలస వెళ్లింది కాలువ ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు. మా బావమరిది హైదరాబాద్ వచ్చేయమంటాడు. అక్కడ మావంటి వారికి నెలకు 4,016 ఇస్తారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పుణ్యమా అని బియ్యానికి సరిహద్దు లేదు గానీ, ఇక్కడి 6,000 నాతో పాటు అక్కడికి రైలెక్కదు.

మీ మహిమ మా ఆవిడకు ముందే తెలుసు. ఇల్లు చూడటానికి వెళితే నీళ్ల సంగతి, గాలీ వెలుతురూ అడగడం ఎప్పుడో మానేసింది. గేటు దగ్గరే నిలబడి "మీటరు విడిగా ఉందాండీ?" అంటుంది. దొంగ కరెంటు వాడే బాపతేమోనని ఓనర్లు మమ్మల్ని పైనుంచి కిందికి చూస్తారు. విడి మీటరున్న ఇళ్లు దొరకకపోలేదు. అవన్నీ రెండో అంతస్తులో.

కాబట్టి మీటరు గారూ, నా విన్నపాలు చిన్నవే. మిమ్మల్ని నెమ్మదిగా తిరగమని అడగను, అది నేరం. కొత్త మీటరుకు అర్జీ పెట్టమని ఓనరు గారిని అడిగాను, రెండో మీటరుంటే ఇంటి పన్ను పెరుగుతుందని ఆయన భయం. ఆయన భయం ఆయనది. రీడింగ్ తీసే అబ్బాయి వచ్చినప్పుడు, ఆ ఎర్రదీపాన్ని ఆర్పి వెలిగించి, పైన ఎంత, కింద ఎంత అని అతని చెవిలో వేయగలరేమో చూడండి. అది చేతకాకపోతే మీ అన్నగారికి కబురు పెట్టి, నన్ను వదిలేయమనండి. ఇద్దరు మీటర్లను పోషించే స్తోమత నాకు లేదు.

ఇట్లు,
కింద పోర్షన్ అద్దెదారు,
సదరం 70 శాతం,
శాశ్వత వలసదారు కావడానికి ఇంకా రెండు నెలల గడువున్నవాడు