చెవి ఒగ్గడానికి లైసెన్సు

ఎదుటి మనిషి గోడు వినడానికి రెండు చెవులూ కాస్త ఓపికా ఉంటే చాలునని లోకంలో చాలాకాలంగా ఒక దురభిప్రాయం పాతుకుపోయి ఉంది. అమెరికా దాన్ని తొందరపడకుండా, చట్టప్రకారం తొలగించింది. 1976లో వర్జీనియా రాష్ట్రం వృత్తి కౌన్సెలర్లకు మొట్టమొదటి లైసెన్సు చట్టం చేసింది. మిగిలిన రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి ఆ దారి పట్టగా, కాలిఫోర్నియా మాత్రం 2009 వరకు నింపాదిగా ఆలోచించి అందరికన్నా చివర వచ్చి చేరింది. ఇప్పుడు అమెరికాలో లైసెన్సు ఉన్న కౌన్సెలర్‌గా మనుషుల కష్టాలు వినాలనుకునేవారికి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. కేక్రెప్ అనే గుర్తింపు మండలి ఆమోదించిన కోర్సయితే కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్లు చదవాలి. ఇంత కాలం, ఇంత ఫీజు దేనికని అడిగే అల్పబుద్ధులు ఎప్పుడూ ఉంటారు. ఇతరుల బాధను అర్థం చేసుకోదలచినవారు ముందుగా సొంతానికి కొంత బాధ కూడబెట్టుకోవాలన్న దూరదృష్టి, విద్యారుణం రూపంలో, ఆ కోర్సులోనే ఇమిడి ఉన్నదని వారికి తట్టదు.

ఈ చదువులో మొట్టమొదట నేర్పేది సలహా ఇవ్వకపోవడం. అదెంత పని అనుకునేవారు ఒక్కసారి అభ్యాస తరగతిలోకి తొంగి చూడాలి. ఇద్దరు విద్యార్థులు కెమెరా ముందు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు కౌన్సెలర్, మరొకరు క్లయింట్. క్లయింటుగా కూర్చున్నవారు తమ జీవితంలోంచి మరీ పెద్దది కాని సమస్యను ఒకదాన్ని ఎంచుకుని రావాలి కనుక, రూమ్మేటు గిన్నెలు కడగడం లేదని చెప్పుకుంటారు. "కడగమని అడిగారా?" అన్నది మామూలు మనిషికి తోచే మాట. మార్కులు పోగొట్టుకోవడానికి అంతకన్నా మంచి మాట లేదు. "బరువంతా మీ ఒక్కరి మీదే పడినట్టు అనిపిస్తోంది మీకు" అనాలి, అని, ఆగాలి, ఎదుటివారు కళ్లు దించుకున్నా, పక్క గది తలుపు చప్పుడైనా ఆగే ఉండాలి. ఆ తర్వాత ఇంటికి వెళ్లి, ఆ వీడియోను ముందుకూ వెనక్కూ తిప్పుతూ ప్రతి మాటనూ, ప్రతి "ఊఁ"నూ పట్టికలోకి ఎక్కించాలి. క్లయింటు అన్నది ఒక గడిలో, తానన్నది రెండో గడిలో, తానన్నది ఏ నైపుణ్యం కిందికి వస్తుందో మూడో గడిలో, దానికి బదులు ఏమని ఉండవలసిందో నాలుగో గడిలో. ఆ నాలుగో గడి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కొద్ది నిమిషాల సంభాషణ శని, ఆదివారాలు రెంటినీ మింగేస్తుంది. గిన్నెలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

సలహా ఇవ్వకుండా వినే ఈ పద్ధతికి మూలపురుషుడైన అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌ను తలచుకున్నప్పుడల్లా పక్కనే నిలబడే ఒక ఇబ్బందికరమైన బంధువును కూడా తలచుకోవలసి వస్తుంది. 1966లో ఎం.ఐ.టి. శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామును వెలువరించారు. అది మనం టైపు చేసిన మాటనే అటూ ఇటూ తిప్పి, ప్రశ్నగా మార్చి, రోజర్స్ తరహా చికిత్సకుడిలా మనకే అప్పగించేది. దాని తయారీని నెలల తరబడి కళ్లారా చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడడం మొదలుపెట్టిన కాసేపటికి, దయచేసి గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్నే కోరిందని వైజెన్‌బామ్ తర్వాత రాసుకున్నారు. ఎలైజాకు ఒక్క క్రెడిట్టు లేదు, అప్పు అంతకన్నా లేదు. అయితే చికిత్స ఫలించాలంటే ఉండవలసినవని రోజర్స్ 1957లోనే చెప్పిన షరతుల్లో నిష్కపటత్వం, షరతుల్లేని ఆదరం ఉన్నాయని, అవి యంత్రానికి ఎక్కడి నుంచి వస్తాయని ఆచార్యులు అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. విద్యార్థికి అవి ఉన్నాయో లేదో సెమిస్టరు చివర మూల్యాంకన పత్రంలో అంకె వేసి తేల్చగలం; ఎలైజాకు ఆ భాగ్యం లేదు.

గ్రూప్ కౌన్సెలింగ్ సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. విద్యార్థి స్వయంగా ఒక చిన్న బృందంలో సభ్యుడై కనీసం 10 గంటలు గడపాలని నిబంధన. మనసు విప్పడం ఐచ్ఛికం, హాజరు తప్పనిసరి.

అసలు ఘనత గంటల లెక్కలో ఉంది. ప్రాక్టికమ్, అంటే క్లయింట్లతో తొలి విడత శిక్షణ, 100 గంటలు, అందులో కనీసం 40 క్లయింటుతో నేరుగా గడిపినవై ఉండాలి. ఆపై ఇంటర్న్‌షిప్ 600 గంటలు, అందులో 240 అటువంటివే. ఈ 700 గంటల సేవకు చాలా చోట్ల జీతం ఉండదు. క్రెడిట్లు వస్తాయి కదా అంటారు. వస్తాయి, వాటికి ఫీజు కూడా ఉంటుంది. పని చేసినందుకు పనివాడే డబ్బు చెల్లించే ఈ ఏర్పాటును తక్కిన వృత్తులు ఇంకా అందిపుచ్చుకోకపోవడం వారి వెనుకబాటుతనమే. విద్యార్థి దగ్గర ఒక పట్టిక ఉంటుంది: తేదీ, డైరెక్ట్ గంటలు, ఇన్‌డైరెక్ట్ గంటలు, సూపర్‌వైజరు సంతకం. పది గంటలకు రావలసిన క్లయింటు పదీ పదిహేనుకు కూడా రాకపోతే, ఆ గంట డైరెక్ట్ గడిలోకి ఎక్కదు. ఆ మనిషికి ఉద్యోగం దొరికి ఉండవచ్చు, భార్యాభర్తలు రాజీపడి ఉండవచ్చు, చాన్నాళ్లకు హాయిగా నిద్రపట్టి ఉండవచ్చు. విద్యార్థికి మాత్రం ఒక గంట పోయింది. గ్రాడ్యుయేషన్ దగ్గరపడుతూ ఇంకా ముప్పై గంటలు తక్కువున్న విద్యార్థి, తలుపు తీసుకుని వచ్చే ప్రతి దుఃఖితుడినీ ఎంత నిండు మనసుతో ఆహ్వానిస్తాడో చూస్తే, షరతుల్లేని ఆదరం అంటే ఏమిటో రోజర్స్‌కైనా కొత్తగా అర్థమయ్యేది.

పగలు ఉద్యోగం, మధ్యాహ్నం జీతం లేని క్లినిక్, రాత్రి తరగతి. ఈ దినచర్యలో విద్యార్థి అలసిపోతాడేమోనన్న ఆందోళన వ్యవస్థకు లేకపోలేదు. అందుకే ప్రతి కోర్సులోనూ సెల్ఫ్ కేర్ గురించి చెబుతారు. రాత్రి తరగతి కాస్త ఆలస్యంగా వదిలైనా సరే, చెప్పి తీరుతారు. విశ్రాంతి ప్రణాళిక రాసి గడువులోగా సమర్పించాలి, ఆలస్యమైతే మార్కులు కోస్తారు. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నీతి నియమావళి కూడా కౌన్సెలర్లు తమ క్షేమాన్ని తాము చూసుకోవాలనీ, తమలో సామర్థ్యం సన్నగిల్లిన లక్షణాలను కనిపెట్టుకుని ఉండాలనీ చెబుతుంది. దీనివల్ల అలసట అన్నది వేళాపాళాలేని పని వల్ల వచ్చిన ఫలితం కాకుండా, విద్యార్థి వ్యక్తిగత లోపంగా మారే సౌలభ్యం కలిగింది. ఈ చదువులో హద్దులు గీసుకోవడం మీద పాఠాలు ఉంటాయి. "ఈ వారం రాలేను" అనే వాక్యాన్ని క్లయింట్లకు ఎలా నేర్పాలో ఇంటర్న్ చక్కగా నేర్చుకుంటాడు, దాన్ని క్లినిక్ మేనేజరుకు చెప్పే పాఠం మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ తగలదు.

డిగ్రీ వచ్చాక పరీక్ష. చాలా రాష్ట్రాలు అంగీకరించే నేషనల్ కౌన్సెలర్ ఎగ్జామినేషన్ (ఎన్.సి.ఇ.)లో 200 ప్రశ్నలు ఉంటాయి, మార్కులు 160కే. మిగిలిన 40 మునుముందు వాడదలచి పరీక్షించి చూసుకునే ప్రశ్నలు. అవి ఏవేవో అభ్యర్థికి చెప్పరు. దేనికి విలువ ఉందో దేనికి లేదో తెలియకుండా అన్నింటికీ సమానంగా మథనపడడం కన్నా ఈ వృత్తికి మెరుగైన తర్ఫీదు ఎవరూ కనిపెట్టలేరు.

ఆ తర్వాత, పూర్తి లైసెన్సు కోసం మళ్లీ గంటలే. టెక్సస్‌లోనైతే పర్యవేక్షణ కింద 3000 గంటలు పనిచేయాలి, అందులో 1500 క్లయింట్లతో నేరుగా. సూపర్‌వైజరును తానే వెతుక్కుని, ఆయన రుసుమును తానే భరించే అసోసియేట్లు, అంటే పూర్తి లైసెన్సు ఇంకా చేతికి రానివారు, తక్కువేమీ కాదు. సూపర్‌వైజరుతో జరిగే సమావేశంలో అసోసియేట్ చాలాసేపు క్లయింట్ల గురించి చెప్పి, చివరికి తన నిద్ర సంగతి, అప్పు సంగతి ఎత్తుతాడు. సూపర్‌వైజరు మధ్యలో అడ్డు రాకుండా విని, "బరువంతా మీ ఒక్కరి మీదే పడినట్టు అనిపిస్తోంది మీకు" అంటారు, బిల్లు ఈమెయిల్‌లో వస్తుంది.