విశ్వవిద్యాలయ ర్యాంకు వేరు, విభాగం సత్తా వేరు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే వేళకు అమలాపురం నుంచి భీమవరం దాకా తల్లిదండ్రులు ముందుగా అడిగేది కాలేజీ ర్యాంకు ఎంతని. పిల్లలు చేరేది మాత్రం ఒక విభాగంలో. నాలుగేళ్లు పాఠం చెప్పేదీ, ప్రయోగశాల నడిపేదీ ఆ విభాగపు అధ్యాపకులే. కాకినాడ జేఎన్‌టీయూకు వచ్చే ర్యాంకు దాని అనుబంధ కళాశాలలకు వర్తించదన్న సంగతి కూడా చాలామంది పట్టించుకోరు.

విభాగాలవారీ ర్యాంకులు దీనికి మెరుగైన ప్రత్యామ్నాయమే, కాని అవి పేరుకు తగినంత లోతుగా లేవు. 2016లో తొలి జాబితా ఇచ్చిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ (విద్యాసంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ర్యాంకులు) ఇంజనీరింగ్, ఫార్మసీ, న్యాయం, వైద్యం వంటి రంగాలను విడదీసినా, ఇంజనీరింగ్ మొత్తానికీ ఒకటే పట్టిక. సివిల్‌లో గట్టిగా, కంప్యూటర్ సైన్స్‌లో బలహీనంగా ఉన్న సంస్థా, సరిగ్గా దానికి తలకిందులుగా ఉన్న సంస్థా అందులో పక్కపక్కనే కనిపించవచ్చు. ఇక ఎమ్మే తెలుగులోనో, ఎమ్మెస్సీ రసాయనశాస్త్రంలోనో చేరదలచిన కోనసీమ విద్యార్థికి ఆ జాబితాలో విభాగపు ర్యాంకే దొరకదు. క్యూఎస్ వంటి అంతర్జాతీయ జాబితాలు సబ్జెక్టులవారీగా ఉన్నా, వాటిలో ప్రతిష్ఠపై జరిపే సర్వేలకు పెద్ద వాటా ఉంది. ప్రతిష్ఠ పాతవారికీ పెద్దవారికీ ముందే దక్కి ఉంటుంది.

అసలు చిక్కు కొలిచే పద్ధతిలో ఉంది. పరిశోధనను ప్రధానంగా అంతర్జాతీయ డేటాబేసులకు ఎక్కిన పత్రాలతో, వాటి సైటేషన్లతో, అంటే ఇతర పరిశోధకులు వాటిని ఉదహరించిన సంఖ్యతో లెక్కిస్తారు. తెలుగు పత్రికల్లో వచ్చిన సాహిత్య పరిశోధన ఆ లెక్కలోకి రావడమే అరుదు. వ్యవసాయంలో ఈ లోటు ఇంకా స్పష్టం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి వంగడం, అంటే ఎంటీయూ 7029, డెల్టా పొలాలను దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్ దాకా పాకింది. ఆ కేంద్రం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమే. రైతు విత్తనం వేసినప్పుడు సైటేషన్ పెరగదు కనుక, ఎకరాల్లో కనిపించే ఆ విద్వత్తు పట్టికలో కనిపించే దారి సన్నగిల్లుతుంది. పైగా చిన్న విభాగంలో ఇద్దరు ఆచార్యులు పదవీ విరమణ చేస్తే చాలు, పాత పత్రాల బలంతో ర్యాంకు కొన్నాళ్లు నిలుస్తుంది, బోధన మాత్రం అప్పుడే పలచబడుతుంది.

ర్యాంకులను పారవేయమనడం లేదు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే గ్రేడు సంస్థ మొత్తానిది. ఇంజనీరింగ్ వంటి సాంకేతిక కోర్సుల నాణ్యతను చూసే ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇచ్చేది, కనుక నా దృష్టిలో బ్రాంచి ఎంపికకు అదే ఎక్కువ పనికివస్తుంది. అయితే రెండు బ్యాచ్‌లైనా చదువు ముగించాకే డిగ్రీ కోర్సుకు ఆ గుర్తింపు వస్తుంది. నిన్నమొన్న తెరిచిన కృత్రిమ మేధ బ్రాంచీలకు అది లేకపోవడం లోపం కాదు, ఉన్నట్టు ప్రచారం చేస్తే మాత్రం అనుమానించాలి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆ విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, వారిలో పీహెచ్‌డీ ఉన్నవారెవరు అని కళాశాలను నేరుగా అడగవచ్చు.