జీతం లేని విలేకరి, నమ్మదగిన వార్త

వార్తా సంస్థల విశ్వసనీయత గురించి మాట వచ్చినప్పుడల్లా యజమానుల రాజకీయాలను, సంపాదకుల నైతికతను తప్పుపడతాం. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని మండల విలేకరి బతుకుతెరువును చూడకుండా ఆ చర్చ పూర్తికాదు. మండల విలేకరుల్లో చాలామందికి నెలజీతం ఉండదు. అచ్చయిన వార్తల నిడివిని బట్టి లెక్కగట్టే లైన్ అకౌంట్ డబ్బు పెట్రోలుకే సరిపోదు. వారి అసలు రాబడి ప్రకటనలపై వచ్చే కమీషన్. ఆగస్టు 15కో, ఉగాదికో, నాయకుడి పుట్టినరోజుకో యాజమాన్యం టార్గెట్ పెడితే సర్పంచి, ప్రైవేటు పాఠశాల యజమాని, క్వారీ లీజుదారు, రియల్ ఎస్టేట్ వ్యాపారి గడప తొక్కవలసిందే. మరుసటి వారం ఆ విలేకరి నిలదీసి రాయవలసి వచ్చేదీ వాళ్ల గురించే.

2025 తోతాపురి మామిడి సీజన్‌ను తీసుకుందాం. ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినప్పుడు కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు గుజ్జు పరిశ్రమలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలి. ఆ 8 రూపాయలు నిజంగా రైతు చేతికి వస్తున్నాయో లేదో తెలియాలంటే ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడాలి, తూకం చీటీలు చూడాలి, యాజమాన్యం వివరణ తీసుకోవాలి, మార్కెటింగ్ అధికారిని అడగాలి. ఇదంతా ఒక్క పూటలో తేలే పని కాదు. అంత శ్రమపడినా విలేకరికి దక్కేది ఒక్క వార్త లైన్ల డబ్బే. అధికారులిచ్చిన ప్రెస్‌నోట్‌ను యథాతథంగా పంపినా దక్కేది అంతే. ఈ లెక్క మారనంత కాలం నిజాయితీ గురించి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఫలితం పరిమితమే.

2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మరణించారు. అటువంటి రాత్రి నమ్మదగిన సమాచారం ఇవ్వాలంటే సంఘటనా స్థలంలో ఒకరు, రుయా ఆసుపత్రిలో ఒకరు, స్విమ్స్ ఆసుపత్రిలో మరొకరు ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, మృతుల సంఖ్య, పేర్లు ధ్రువపడేదాకా ఆగుదామనగల డెస్క్ ఉండాలి. ఆగడానికి ఆర్థిక స్తోమత కావాలి. వ్యూస్ మీదే ఆధారపడిన చానల్‌కు పది నిమిషాల ఆలస్యమంటే నేరుగా నష్టమే.

డబ్బుంటే చాలు, పత్రిక నిష్పక్షపాతంగా ఉంటుందని నా వాదన కాదు. 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పత్రికా సంపాదకుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం చేసినవాటిలో పెద్ద సంస్థలూ ఉన్నాయని ఆ ఉపసంఘం తేల్చింది. కాబట్టి డబ్బు ఎంత వస్తోందనే కాదు, ఎవరి నుంచి వస్తోందన్నదీ చూడాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను స్థాపించి నడపగలిగారంటే, 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం రాబడి అండగా ఉండబట్టే. ఆ డబ్బు తలనొప్పికి మందు కొనుక్కున్న సామాన్యుల నుంచి వచ్చింది. వారిలో ఎవరూ ఫలానా వార్త ఆపమని సంపాదకుణ్ని అడిగే స్థితిలో లేరు. ప్రభుత్వ ప్రకటనల మీదో, కాంట్రాక్టుల మీదో ఆధారపడిన సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు. బిల్లు ఆగితే జీతాలు ఆగుతాయి.

ఇందుకు పాఠకుల చందాయే మెరుగైన ఆధారం. కానీ పత్రిక వెల దాని తయారీ ఖర్చుకు చాలదు, ఫోన్‌లో చదివేవారిలో అత్యధికులు అసలు ఏమీ చెల్లించరు. ఈ అలవాటు మారడానికి కాలం పడుతుంది. ఈలోగా చేయగలిగినవి రెండున్నాయి. పత్రికా సిబ్బంది జీతాలపై మజీఠియా వేతన సంఘం చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2014లోనే సమర్థించింది. ఆ తీర్పు స్ఫూర్తి మండల విలేకరి దాకా చేరేలా, ప్రకటనల టార్గెట్‌ను వార్త రాసే చేతి నుంచి తప్పించి వేరే సిబ్బందికి అప్పగించాలి. రెండోది ప్రభుత్వం చేయవలసింది. ఏ పత్రికకు, ఏ చానల్‌కు ఎంత ప్రకటనల డబ్బు ఇచ్చిందో, ఎంత బకాయి ఉందో సమాచార శాఖ ప్రతి మూడు నెలలకోసారి జిల్లాలవారీగా తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.