ఆపే అధికారం ఇవ్వకుండా సంజాయిషీ అడిగితే ఎలా?

ఉద్యోగులకు ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ హాజరు పట్టీ దగ్గరే ఆగిపోతుంది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అని చూస్తాం తప్ప, పనిలో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉందని అడగం. అసలు తగువు ఉన్నది అక్కడే.

ఉత్తర తెలంగాణలో ఈ సంగతి బొగ్గు గనికి బాగా తెలుసు. భూపాలపల్లిలో భూగర్భ గనిలోకి దిగే కార్మికుడికి మస్టరు పడాలి, చేతికి క్యాప్ ల్యాంపు రావాలి. లోపల ఎంతమంది ఉన్నారో పైన తెలియకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఎవరి కోసం వెతకాలి? ఆ హాజరు కార్మికుడి ప్రాణం కోసం పెట్టింది. ఇక మైనింగ్ సర్దార్‌ను చూడండి. హోదాలో మేనేజర్‌కు ఎంతో కింద ఉంటాడు. అయినా తన పరిధిలోని పని స్థలాన్ని పరీక్షించి, పైకప్పు ప్రమాదకరంగా ఉంటే కార్మికులను వెనక్కి రప్పించే బాధ్యతను నిబంధనలు అతని మీదే పెట్టాయి. చూసింది చూసినట్టు రిపోర్టు రాసి సంతకం చేయాల్సిందీ అతనే. పని ఆపగలిగేదీ, జవాబు చెప్పేదీ ఒకే మనిషి. ఉత్పత్తి లక్ష్యాల ఒత్తిడికి ఈ అధికారం ప్రతిసారీ తట్టుకుంటుందని నేను అనను. అమరిక మాత్రం సరైనది.

ఉపాధి హామీ పనుల్లో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. మట్టి పనికి కూలి కొలతను బట్టి కట్టేవారు. వేసవిలో తెల్లవారకముందే గడ్డపార పట్టి, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరడం కూలీలు తమకు తామే కుదుర్చుకున్న పద్ధతి. కొలత సరిపోతే ఎవరికి నష్టం? 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండు ఫోటోల హాజరు తప్పనిసరైంది. పని ముగిసినా రెండో ఫోటో కోసం ఆగాల్సి వచ్చేది. సిగ్నల్ అందక ఫోటో వెళ్లకపోతే కూలీకి డబ్బు పోయేది, పని దగ్గర హాజరు తీసే మేట్ మాట పడేవాడు. ఆ యాప్ పెట్టాలన్న నిర్ణయంలో ఇద్దరికీ భాగం లేదు. పోనీ, దొంగ హాజరు ఆగిందా? ఫోటోకు ఫోటో తీసి పంపుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. అంతకు చాలా ముందే ఉమ్మడి రాష్ట్రంలో దొంగ మస్టర్లను బయటపెట్టింది సామాజిక తనిఖీ. ఇంటింటికీ వెళ్లి అడిగి, కొలతలు మళ్లీ వేసి, మండల ప్రజావేదికలో అందరి ముందు లెక్క చదివారు. శ్రమతో కూడిన పని అది. ఫోటో తేలిక.

బడిలో, ఆసుపత్రిలో మనిషి ఉండటమే పనిలో సగం కనుక అక్కడ కచ్చితమైన హాజరును తప్పుపట్టలేం. వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులాంటి చోట్ల సంగతి వేరు. ఇంటి నుంచి పని చేస్తామనే యువత, పని ఎప్పటికి పూర్తవుతుందో తామే చెప్పి, ఆలస్యమయ్యేట్టుంటే ముందే తెలియజేసే పూచీ తీసుకోవాలి. చాలామంది ఆ పూచీ దగ్గరే వెనకాడతారు. అయితే వాళ్లను పిలవని సమావేశంలో గడువు ఖరారు చేసి వచ్చిన మేనేజర్, గడువు దాటితే మొదటి సంజాయిషీ తానే రాయాలి.