మహారాజశ్రీ టెంప్లేటు గారికి

బట్టీపట్టడానికి తయారుగా దొరికే వ్యాసపు అచ్చు, మహారాజశ్రీ టెంప్లేటు గారి సముఖానికి, విదేశాలకు వెళ్ళడానికి ఐఎల్ట్స్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయబోయేవాళ్ళ తరఫున చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఆ చివరి మాట చూసి మురిసిపోకండి. మా తాతల కార్డుముక్కల్లో తమ బంధువు ఒకాయన ఉండేవాడు: "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను." ఆయన మర్యాదస్థుడు. ఆ ఒక్క వాక్యం చెప్పి పక్కకు తప్పుకుని, గేదె ఈనిన సంగతీ, కౌలు డబ్బులు రాని సంగతీ రాసుకోనిచ్చేవాడు. తమరు మాత్రం అరుగు మీద ఆగరు. తిన్నగా వచ్చి నట్టింట్లో మంచం వాల్చేస్తారు.

అమీర్‌పేట కోచింగు సెంటర్ల జిరాక్సు కాగితాల్లో, వాట్సాప్ పీడీఎఫ్‌లలో తమరి వైభవం చూస్తూనే ఉన్నాం. "ఖాళీల్లో టాపిక్ పెట్టండి చాలు" అని తమరి నెత్తిన రాసి ఉంటుంది. ఆవు వ్యాసం బట్టీపట్టినవాడు కొబ్బరిచెట్టు గురించి అడిగితే ఆవును తెచ్చి చెట్టుకు కట్టేశాడని నవ్వుకుంటాం. పాపం, వాడి దగ్గర కనీసం ఆవైనా ఉంది. తమరి దగ్గర ఉన్నది పలుపుతాడే.

తమరి మొదటి వాక్యమే తీసుకుందాం. "ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా, ఇట్ ఈజ్ యాన్ అన్‌డినయబుల్ ఫ్యాక్ట్ దట్..." పది మాటలయ్యాయి. విషయం ఇంకా బస్సు దిగలేదు. ప్రశ్న పెంపుడు కుక్కల మీదైనా, పెద్దల పింఛన్ల మీదైనా పది మాటలూ ఇవే. వ్యాసానికి కనీసం 250 మాటలు కావాలి. తమరు మొదటి పేరాలో 40, మధ్య పేరాల తలల మీద పన్నెండేసి, ముగింపులో మరో 40 మింగేస్తే అభ్యర్థికి 150 కూడా మిగలవు. అందులోనే అభిప్రాయం, కారణాలు, ఉదాహరణలు అన్నీ ఇరికించాలి.

దిద్దేవాళ్ళు చూసేవి నాలుగు: అడిగినదానికి జవాబు చెప్పారా, మాట మాటకు పొందిక ఉందా, పదసంపద ఎంత, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమాన వాటా. జవాబు మొత్తం బట్టీదేనని రుజువైతే ఇచ్చేది సున్నా బ్యాండు, అంటే సున్నా మార్కు. కొలమానంలోనే ఆ మాట ఉంది. అంత దూరం వెళ్ళకపోయినా తమరు దాక్కోలేరు. "ఎ ప్లెథొరా ఆఫ్ బెనిఫిట్స్" అన్న వాక్యం పక్కనే "పీపుల్స్ ఈజ్ గోయింగ్ బై బస్" అని ఉంటే, పట్టుపంచె మీద చిరిగిన బనీను వేసుకుని పెళ్ళికొచ్చినట్టు ఉంటుంది. ఏది అద్దెదో, ఏది సొంతమో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక తమరి పరివారం. ఫర్దర్‌మోర్, మోరోవర్, ఇన్ అడిషన్, నెవర్‌ద్‌లెస్... ప్రతి వాక్యం ముందూ ఒక బంట్రోతు. వాక్యాల మధ్య సంబంధం లేనప్పుడు ఎంతమంది బంట్రోతులను నిలబెట్టినా పొందిక రాదు. ఇలా వాక్యాలను కలిపే మాటలు మితిమీరితే పొందికలో మార్కులు పోతాయి కూడా. అందులోనూ "ఆన్ ది కాంట్రరీ"ని రెండో పక్షం చెప్పడానికి వాడిస్తారు చూడండి, అది తమరి ఘనకార్యాల్లో అగ్రగణ్యం. అంతకుముందు అన్నది తప్పని ఖండించేటప్పుడు వాడే మాట అది. "మరోవైపు" అనడానికి "ఆన్ ది అదర్ హ్యాండ్" వేరే ఉంది.

నగరాల్లో బస్సు ప్రయాణం అందరికీ ఉచితం చేయాలన్న వాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారని ప్రశ్న వచ్చిందనుకోండి. తమరు వెంటనే "దిస్ ఎస్సే విల్ డిస్కస్ బోత్ వ్యూస్" అనిపిస్తారు. అడిగింది మీ అభిప్రాయమండీ, ఇరుపక్షాల పంచాయితీ కాదు. అభిప్రాయం మొదటి పేరాలోనే తేలి, చివరిదాకా అదే నిలబడాలి. తమరి ధర్మమా అని అది ఆఖరి వాక్యం దాకా గోడ మీద పిల్లిలా కూర్చుంటుంది. ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి ఊరూ పేరూ లేని విదేశీ విశ్వవిద్యాలయం, ఎవరూ చేయని సర్వే, డెబ్భై చిల్లర శాతం జనం! సొంత అనుభవంలోంచి, తెలిసినదాంట్లోంచి ఉదాహరణ ఇమ్మని ప్రశ్నపత్రమే చెబుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. టికెట్ డబ్బు మిగిలి దూరపు ఉద్యోగానికి వెళ్ళగలగడం ఒకవైపు, నిలబడే చోటు లేని ఉదయపు బస్సు మరోవైపు. ఈ రెండూ అభ్యర్థి కళ్ళముందే ఉన్నాయి. వాటిని తోసేసి లేని సర్వేను తెచ్చి కూర్చోబెడతారు.

ఐఎల్ట్స్‌లో జనరల్ ట్రైనింగ్ అనే రకం రాసేవాళ్ళకు వ్యాసంతో పాటు ఒక ఉత్తరం కూడా ఉంటుంది. అందులో తమరి అల్లరి ఇంకో రకం. కనీసం 150 మాటలు, సుమారు 20 నిమిషాలు, ప్రశ్న కింద మూడు చుక్కల్లో మూడు సంగతులు. చిరునామాలు రాయక్కర్లేదని అక్కడే ఉంటుంది. ఉదాహరణకు, అద్దెంట్లో గీజరు పాడైంది, యజమానికి రాయాలి: ఏమైంది, దానివల్ల ఇబ్బంది ఏమిటి, ఏం చేయాలి. తమరు "ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్" అని వినయంగా వంగి, "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని లేస్తారు. నీడ్‌ఫుల్ అంటే ఏమిటో యజమానికి తెలియదు, రాసినవాడికీ తెలియదు. మూడో చుక్క అక్కడే చచ్చిపోయింది. గత మంగళవారం నుంచి స్విచ్చు వేయగానే ఎంసీబీ పడిపోతోంది, ఇంట్లో నెలల పసిపాప ఉంది, శనివారం పదింటిలోపు ఎలక్ట్రీషియన్‌ను పంపగలరా అని రాస్తే మూడు చుక్కలూ నిండుతాయి. మొదటి చుక్కకు తొంభై మాటలు తగలేసి మూడోదాన్ని ఒక్క ముక్కలో తేల్చే అలవాటూ తమరు నేర్పిందే.

ఈ ఉత్తరాన్నే యజమానికి, కంపెనీ మేనేజరుకు, స్నేహితుడికి మూడు రకాలుగా రాసి చూస్తే స్వరం పట్టుబడుతుంది. తమరికి ఒకటే స్వరం. స్నేహితుడి పెళ్ళికి రాలేనని చెప్పినా జ్వరానికి సెలవు అడిగినట్టే ఉంటుంది.

కెనడావాళ్ళ ఇంగ్లీషు పరీక్ష సెల్పిప్‌లోనూ తమరు దూరారని విన్నాం. అక్కడ ఈమెయిలుకు 27 నిమిషాలు, 150 నుంచి 200 మాటలు. పైహద్దు కూడా ఉన్న చోట తమరి భోజనం ఖర్చు మరీ ఎక్కువ. ఐఎల్ట్స్‌తో సీఎల్‌బీ (కెనడా భాషాస్థాయి కొలత) 9 కావాలంటే వినడంలో 8, చదవడం, రాయడం, మాట్లాడడంలో 7 రావాలి. చాలామంది బండి ఆ రాయడం దగ్గరే 6.5లో కూరుకుపోతుంది. అక్కడ తోయాల్సింది పోయి తమరు బండెక్కి కూర్చుంటారు.

తమరు లేని గంట ఎలా గడుస్తుందో కూడా చెబుతాం. వ్యాసానికి ఉత్తరం కన్నా రెట్టింపు విలువ కాబట్టి దానికి 40 నిమిషాలు. అందులో అయిదు కలం కదపకుండా ఆలోచనకు: నా జవాబు ఏమిటి, రెండు కారణాలేమిటి, ఒక్కోదానికి ఏ ఉదాహరణ. ముప్ఫై రాయడానికి. చివరి అయిదు తెలుగు మనసు చేసే తప్పులు ఏరడానికి. మన భాషలో "ఎ", "ది" లేవు గనక ప్రతి నామవాచకం ముందూ ఒకసారి ఆగాలి. "ఇన్ఫర్మేషన్స్", "అడ్వైసెస్" తోకలు కత్తిరించాలి. "డిస్కస్ అబౌట్"లో అబౌట్ తీసేయాలి. "అయిదేళ్ళుగా పనిచేస్తున్నా" అన్నది "అయామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అయి కూర్చుందేమో చూడాలి. కంప్యూటరు తెర మీద మాటల లెక్క కనిపిస్తుంది గానీ స్పెల్లింగు దిద్దిపెట్టేవాళ్ళు ఉండరు. ఇంట్లో సాధన చేసేటప్పుడూ స్పెల్లింగు తప్పుల కింద పడే ఎర్రగీత ఆపేసుకోవడం మంచిది. వారానికి పది కొత్త వ్యాసాలు గీకేకన్నా, దిద్దించుకున్న ఒక్కదాన్ని మళ్ళీ రాస్తే ఎక్కువ పని జరుగుతుంది. ఈ పని తమరికి బొత్తిగా గిట్టదు, ఎందుకంటే రెండోసారి రాసేటప్పుడు మొదట ఊడిపోయేది తమరే.

సెలవు. "యువర్స్ ఒబీడియంట్లీ" అని ముగిద్దామంటే అది బడి సెలవు చీటీ మాట. "డియర్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి ఉంటే "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" కుదిరేది. పేరు పెట్టి పిలిచాం కనక నియమం ప్రకారం

యువర్స్ సిన్సియర్లీ.

తా.క.: ఆ పలుపుతాడు ఇక్కడే మరిచిపోయారు. మళ్ళీ ఎప్పుడైనా ఆవుతో వస్తే పట్టుకెళ్ళండి.